క్లాసులో ఉచిత ఆన్‌లైన్ టూల్స్: ఏది దేనికి పనికొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది?

సుద్దముక్క
అందరికీ నమస్కారం. 8వ తరగతి లెక్కలు, సైన్సు. పిల్లలు 42 మంది. క్లాసులో ఒక ప్రొజెక్టర్, ఒక ల్యాప్‌టాప్, టీచర్ ఫోన్. పిల్లల్లో సగం మందికే ఫోన్ దొరుకుతుంది, అదీ ఇంటి దగ్గరే. ఉచితంగా దొరికే టూల్స్ కోసం వెతికితే యాభై పేర్లు వచ్చిపడుతున్నాయి. ఈ టర్ములో మూడింటికి మించి ఎత్తుకోవాలని లేదు. ఏవి తీసుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాయి, క్లాసుకు ముందు ఏం సరిచూసుకోవాలి? పేర్ల జాబితా అక్కర్లేదు, వాడే పద్ధతి చెప్పండి.

నల్లబల్ల_పక్కన
మూడే అని గీత గీసుకున్నారు, మంచి పని. టూల్ పేరు పక్కన పెట్టి, మీకు ఏం తెలియాలో ముందు రాసుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి మూడు అవసరాలు కనిపిస్తున్నాయి. పాఠం మధ్యలో ఎవరు ఎక్కడ తడబడుతున్నారో బెల్ కొట్టేలోపు తెలియాలి. ఇంటి దగ్గర చేసిన అభ్యాసంలో తప్పు ఎక్కడుందో పిల్లలకే తెలియాలి. బోర్డు మీద గీసి చూపించలేనిది కదిలించి చూపించాలి.

మొదటిదానికి ప్లికర్స్. పిల్లల దగ్గర ఫోన్ ఉండక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు, దాని మీద నలుపు చదరాల బొమ్మ. కార్డుకు నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలు ఉంటాయి. తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటే, టీచర్ ఫోన్ కెమెరాతో గది అంతా ఒకసారి తిప్పితే చాలు. కార్డుల సెట్లు వాళ్ల సైట్‌లోనే పీడీఎఫ్‌గా ఉంటాయి. మామూలు సెట్‌లో 40 కార్డులు, పెద్ద సెట్‌లో 63. మీకు 42 మంది కాబట్టి 63 సెట్ ప్రింట్ తీయండి. కార్డు నంబరు, రోల్ నంబరు ఒకటే అయితే రోజూ పంచడం తేలిక.

బొమ్మ ఒక్కో కార్డుకు ఒక్కోలా ఉంటుంది కనుక పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. నాకు ఈ టూల్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే. చెయ్యెత్తమంటే ముందు బెంచీ వైపు చూసి ఎత్తే పిల్లలు కూడా ఇక్కడ సొంత జవాబే చూపిస్తారు.

స్కాన్ కాకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటి. బొటనవేలు నలుపు చదరం మీదికి వచ్చింది. నిగనిగలాడే లామినేషన్ మీద ట్యూబ్‌లైటు మెరుస్తోంది. పిల్లల వెనక కిటికీ ఉండి కార్డు నీడలో పడింది. కార్డును తెల్ల అంచు దగ్గర రెండు చేతులతో పట్టుకోవడం మొదటి రోజే నేర్పించండి. లామినేషన్ చేయిస్తే మెరుపు లేని రకం చేయించండి, లేదా మందపాటి కాగితం మీద ప్రింట్ తీసి వదిలేయండి.

అయస్కాంతం
మూడో అవసరానికి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద కదిలించి చూసే ప్రయోగాలు. కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ వాళ్లవి. నోబెల్ బహుమతి అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. ఖాతా అక్కర్లేదు. కొత్త తరహా సిమ్యులేషన్ ఒక్కోటి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరవచ్చు. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి, ప్రతి సిమ్యులేషన్ పేజీలోనూ అనువాదాల విభాగం చూడండి.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. డీసీ సర్క్యూట్ కిట్ తీసుకోండి. ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక స్విచ్. మామూలుగా బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓములు ఉంటుంది. బల్బుకు ముందొక అమ్మీటరు, తర్వాతొక అమ్మీటరు పెట్టండి. స్విచ్ వేసేముందు "రెండో అమ్మీటరులో ఎంత చూపిస్తుంది? ఎక్కువా, తక్కువా, సమానమా?" అని అడిగి నోటుపుస్తకంలో రాయించండి. బల్బు కరెంటును "తినేస్తుంది" కాబట్టి తక్కువ అని చాలామంది రాస్తారు. స్విచ్ వేస్తే రెండింటిలోనూ 0.90 ఆంపియర్లే. ఆ తర్వాత రెండో బల్బును శ్రేణిలో కలిపితే రెండు చోట్లా 0.45. ముందు రాయించకుండా నేరుగా చూపిస్తే "అవును, మాకు తెలుసు" అంటారు, పాత అభిప్రాయం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఒక చిక్కుంది. తీగల్లో కదిలే నీలం చుక్కలు ఎలక్ట్రాన్లు. అంటే పుస్తకంలో విద్యుత్ ప్రవాహానికి వేసిన బాణం గుర్తుకు అవి ఎదురు దిశలో వెళతాయి. కుడివైపు ప్యానెల్‌లో సాంప్రదాయ ప్రవాహం ఎంచుకునే వీలుంది. క్లాసుకు ముందే ఏదో ఒకటి నిర్ణయించుకోండి. మధ్యలో మార్చారంటే ఆ పీరియడ్ అంతా దిశల గొడవతోనే పోతుంది.

లెక్కలకైతే జియోజీబ్రా, గ్రాఫులు గీసి కదిలించి చూపే ఉచిత టూల్. వర్గ సమీకరణంలో ఏ, బీ, సీ గుణకాలకు స్లైడర్లు పెట్టి, బీ స్లైడర్ ఒక్కటే కదపండి. పరావలయం పక్కకు జరుగుతుందని అందరూ అనుకుంటారు. శీర్షానికి ట్రేస్ (నడిచిన దారి చూపే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి, అది తలకిందులైన ఇంకో పరావలయం మీద నడుస్తుంది. ఇది పై తరగతులకు పనికొస్తుంది, 8వ తరగతికి సరళరేఖ వాలుతో ఆపండి.

కొలమానం
రెండో అవసరానికి గూగుల్ ఫామ్స్ చాలు. కాకపోతే అందరూ క్విజ్ పెట్టి మార్కులు చూసి ఆపేస్తారు. తప్పు ఆప్షన్లు రాసే తీరులోనే దాని బలమంతా ఉంది.

సగం, మూడో వంతు కూడమని అడిగారనుకోండి. సరైన జవాబు 5/6. తప్పు ఆప్షన్లుగా నోటికొచ్చిన అంకెలు పెట్టొద్దు. 2/5 పెట్టండి: లవాలు లవాలు, హారాలు హారాలు కూడేసినవాళ్లు దాన్ని పట్టుకుంటారు. 2/6 పెట్టండి: హారాలు గుణించాలని గుర్తుంది కానీ లవాలను మార్చాలని తెలియనివాళ్లు అక్కడ పడతారు. 1/6 పెట్టండి: కూడిక బదులు గుణించేశారని తెలుస్తుంది. ఇప్పుడు జవాబుల చార్టు చూస్తే రేపు ఎవరికి ఏం చెప్పాలో అందులోనే ఉంటుంది. 2/5 దగ్గర 15 మంది ఉంటే పాఠం మళ్ళీ చెప్పాలి. 1/6 దగ్గర ఇద్దరే ఉంటే వాళ్లిద్దరినీ పక్కకు పిలిస్తే సరిపోతుంది.

ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే, ప్రశ్న కింద మూడు చుక్కల మెనూలో "జవాబును బట్టి సెక్షన్‌కు వెళ్లు" అనేది ఆన్ చేయండి. ఇది బహుళైచ్ఛిక ప్రశ్నకు, డ్రాప్‌డౌన్‌కు మాత్రమే వస్తుంది. 2/5 ఎంచుకున్నవారు ఒక సెక్షన్‌కు, 1/6 వారు ఇంకో సెక్షన్‌కు వెళతారు. అక్కడ రెండు వాక్యాల వివరణ, ఒక బొమ్మ, అదే రకం ఇంకో ప్రశ్న.

దాదాపు అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. ఒక వివరణ సెక్షన్ అయిపోగానే ఫామ్ తనంతట తాను దాని కింద ఉన్న తర్వాతి సెక్షన్‌కు పోతుంది. అంటే 2/5 వివరణ చదివిన పిల్లవాడికి వెంటనే 1/6 వివరణ కూడా ఎదురవుతుంది, తనేం తప్పు చేశాడో తెలియక తికమకపడతాడు. ప్రతి సెక్షన్ అడుగున "తర్వాత ఎక్కడికి" అనే చోట ఫామ్‌లోని రెండో ప్రశ్న ఉన్న సెక్షన్‌ను చేత్తో ఎంచుకోవాలి. వివరణ సెక్షన్లలోని ప్రశ్నలకు 0 పాయింట్లు పెట్టండి. లేకపోతే అటు వెళ్లని పిల్లల మొత్తంలో కూడా అవి కలిసి, అన్నీ సరిగ్గా చేసిన అమ్మాయికి 10కి 7 వచ్చినట్టు కనిపిస్తుంది.

ఆప్షన్ల వరుస మార్చే సెట్టింగ్ ఆన్ చేస్తే "పైవన్నీ" అనే ఆప్షన్ పెట్టకండి. అది పైకెక్కి కూర్చుంటుంది.

సుద్దముక్క
కొలమానం గారూ, ఆ భిన్నాల ఉదాహరణ ఒక్కటి చాలు, ఎంతో ఉపయోగం. ఒక సందేహం. పొట్టి జవాబు ప్రశ్నలో "కార్బన్ డై ఆక్సైడ్" అని కీ పెడితే, అచ్చం అలాగే రాసిన పిల్లలకు కూడా తప్పు అని వస్తోంది. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఎందుకు?

పొల్లు_సున్నా
కంటికి ఒకేలా ఉన్నా లోపల ఒకటి కావు. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కనిపించని ఒక గుర్తు పడుతుంది. యూనికోడ్‌లో (కంప్యూటర్ ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) దాని సంఖ్య 8204. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో అది ఉండబట్టే "వ" ఒత్తుగా మారకుండా విడిగా నిలబడింది. కొన్ని కీబోర్డులు, కొన్ని డాక్యుమెంట్లు "కార్బన్" చివర కూడా దాన్ని పెట్టేస్తాయి. తర్వాత ఖాళీయే ఉంటుంది కాబట్టి చూపులో తేడా తెలియదు. ఫామ్ మాత్రం అక్షరం అక్షరం పోల్చి తప్పు అంటుంది. "డై ఆక్సైడ్", "డైఆక్సైడ్" తేడా కూడా అంతే. "హైడ్రోజన్"కు బదులు "హైడ్రొజన్" రాసినా అంతే.

మూడు దారులున్నాయి. కీలో ఒకే ప్రశ్నకు చాలా సరైన జవాబులు చేర్చుకునే వీలుంది, నాలుగైదు రూపాలు చేర్చండి. "మిగతా జవాబులన్నీ తప్పు" అనే గడిలో టిక్ పెట్టకుండా, మార్కులు మీరు చూశాకే విడుదలయ్యేలా సెట్టింగ్ మార్చుకోండి. జవాబులు గూగుల్ షీట్‌లోకి వచ్చాక పక్క గడిలో సబ్‌స్టిట్యూట్ ఫార్ములా పెట్టి, యూనిచార్ 8204 ఉన్న చోట ఖాళీ కొటేషన్లు ఇస్తే ఆ కనిపించని గుర్తు పోతుంది. దాని పైన ట్రిమ్ వేస్తే మాట ముందూ వెనకా ఉన్న అదనపు ఖాళీలు కూడా పోతాయి. ఫార్ములా పేర్లు షీట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

నన్నడిగితే, తెలుగు మాట జవాబుగా రావాల్సిన ప్రశ్నకు ఆటోమేటిక్ మార్కులు పెట్టవద్దు. ఆప్షన్లు ఇవ్వండి, లేదా జవాబు అంకెలో వచ్చేలా అడగండి. పిల్లలకు తెలుసా లేదా అన్నది చూడాలి గాని, వాళ్ల కీబోర్డును పరీక్షించకూడదు.

ఇదే కారణంతో ఇంకొకటి. కొన్ని టూల్స్ ప్రశ్నకు ఇన్నే అక్షరాలని హద్దు పెడతాయి. తెలుగులో ఒత్తు, గుణింతం కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, కంప్యూటర్‌కు 6. ఇంగ్లీషులో హాయిగా పట్టే ప్రశ్న తెలుగులో మధ్యలో తెగిపోతుంది. ప్రశ్నను బొమ్మగా పెట్టడం దీనికి సులువైన దారి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాన్ని నేరుగా అతికించకండి, పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాకే వాడాలి.

గంట_మోగింది
కహూట్ (టైమర్ పెట్టి, రంగు నొక్కి జవాబిచ్చే ఆన్‌లైన్ క్విజ్ ఆట) గురించి ఎవరూ మాట్లాడలేదే! పిల్లలు ఎగిరి గంతేసేది దానికే. కంప్యూటర్ ల్యాబ్ ఉంటే ఫోన్లు లేకపోయినా జట్లుగా ఆడించవచ్చు.

కొలమానం
గంట_మోగింది గారూ, ఉత్సాహం నిజమే. కానీ దాని మార్కుల లెక్క తెలుసుకుని వాడాలి. మామూలు పాయింట్ల పద్ధతిలో సరైన జవాబుకు గరిష్ఠం 1000. ఆలస్యమయ్యేకొద్దీ తగ్గి, టైమర్ చివర్లో 500కు దిగుతుంది. 20 సెకన్ల ప్రశ్నకు 10వ సెకనులో సరిగ్గా చెప్పిన పాపకు 750. అంటే నిదానంగా ఆలోచించి రాబట్టిన జవాబు కన్నా గబుక్కున నొక్కిన జవాబుకే విలువ ఎక్కువ. ఎక్కాలు, పదజాలం, రసాయన సంకేతాలు లాంటి జ్ఞాపకం మీద నడిచే వాటికి ఇది సరే. రెండు మెట్లున్న లెక్కకు మాత్రం హాని చేస్తుంది. నెమ్మదిగా చదివే పిల్లలు మూడో ప్రశ్నకే చేతులెత్తేసి ఏదో ఒక రంగు నొక్కడం మొదలుపెడతారు. అప్పుడు రిపోర్టులో కనిపించే తప్పులకు అర్థం ఉండదు.

గంట_మోగింది
ఒప్పుకుంటాను. అందుకు ఒక సర్దుబాటు చెబుతాను. ప్రతి ప్రశ్నకూ విడిగా పాయింట్లు, టైమర్ మార్చుకోవచ్చు. లెక్క ఉన్న ప్రశ్నకు "పాయింట్లు లేవు" పెట్టి, టైమర్ 90 లేదా 120 సెకన్లకు పెంచండి. పేర్ల దగ్గర అల్లరి రాకుండా, మారుపేర్లు టూలే ఇచ్చే సెట్టింగ్ ఆన్ చేయండి.

నల్లబల్ల_పక్కన
ఆ సర్దుబాటు బాగుంది. అయితే 42 మందికి ఒకేసారి ఆన్‌లైన్ ఆట పెట్టేముందు రెండు చూడాలి. ఉచిత ఖాతాలో ఎంతమంది చేరవచ్చనే హద్దు ప్రతి టూల్‌కూ వేరుగా ఉంటుంది, అప్పుడప్పుడూ మారుతుంది కూడా. ఆ వారమే సైట్‌లో చూసుకోండి. ఇక నెట్. టీచర్ ఫోన్ హాట్‌స్పాట్‌కు మామూలుగా 10 పరికరాలకు మించి తగులుకోవు. 11వ పిల్లవాడు "సార్, రావట్లేదు" అంటే తప్పు అతని ఫోన్‌ది కాదు.

తెరచాప
లింకు పంచే దగ్గర జరిగే పొరపాట్లు కూడా రాస్తాను, సగం పీరియడ్లు మింగేవి ఇవే.

ఫామ్ తయారుచేసే పేజీలో పైన కనిపించే అడ్రసునే కాపీ చేసి పంపితే, పిల్లలకు "అనుమతి కావాలి" అని వస్తుంది. ఆ అడ్రసు చివర ఎడిట్ అనే మాట ఉంటుంది. పంపాల్సింది జవాబిచ్చేవాళ్ల లింకు. కొత్త ఫామ్స్‌లో అయితే ముందు పబ్లిష్ నొక్కాలి, ఎవరు జవాబివ్వవచ్చో అక్కడే ఎంచుకోవాలి. "ఒక్కరికి ఒక్క జవాబే" అనే సెట్టింగ్ ఆన్ చేశారంటే గూగుల్ లాగిన్ అడుగుతుంది. ఇంట్లో ఒకే ఫోన్‌ను ఇద్దరు పిల్లలు వాడుతుంటే రెండోవాళ్లు ఆగిపోతారు. దాన్ని ఆఫ్ చేసి, మొదటి ప్రశ్నగా రోల్ నంబరు అడగండి. టైపు చేయించకుండా డ్రాప్‌డౌన్‌లో 1 నుంచి 42 వరకు పెట్టండి. లేదంటే షీట్‌లో "7", "07", "రోల్ నం 7" అని మూడు రకాలుగా వచ్చి వరుసలో పెట్టడం నరకం.

ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న కూడా లాగిన్ అడుగుతుంది. వచ్చిన ఫొటోలన్నీ మీ డ్రైవ్‌లో చేరతాయి. ఉచిత ఖాతాలో 15 జీబీలే, అదీ జీమెయిల్, ఫొటోలు అన్నిటికీ కలిపి.

వర్క్‌షీట్ డాక్యుమెంటు అందరికీ ఒకటే ఇస్తే ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారు. ముందు షేరింగ్‌లో "లింకు ఉన్నవారు చూడవచ్చు" అని పెట్టి, అడ్రసు చివర ఎడిట్ నుంచి మొదలయ్యే భాగం తీసేసి అక్కడ కాపీ అని ఇంగ్లీషులో కొట్టి పంపండి. తెరిచిన ప్రతివాళ్లకూ సొంత ప్రతి చేసుకోమని అడుగుతుంది. దీనికి మాత్రం లాగిన్ కావాలి.

క్యూఆర్ కోడ్ విషయంలో జాగ్రత్త. ఉచితంగా క్యూఆర్ చేసిపెట్టే కొన్ని సైట్లు మీ లింకును తమ సర్వర్ మీదుగా తిప్పుతాయి. ట్రయల్ గడువు అయిపోగానే గోడకు అంటించిన కోడ్ పనిచేయడం మానేస్తుంది, డబ్బు కట్టమంటుంది. క్రోమ్ బ్రౌజర్‌లో షేర్ మెనూలోనే క్యూఆర్ కోడ్ చేసే వీలుంది. అందులో మీ లింకు నేరుగా ఉంటుంది, గడువు ఉండదు.

అయస్కాంతం
తెరచాప గారి మాటకు తోక. పంపేముందు లింకును ఇన్‌కాగ్నిటో విండోలో (మీరు లాగిన్ కాని విండో) ఒకసారి, ఏదైనా పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో మీరు ఎప్పుడూ లాగినై ఉంటారు కాబట్టి అక్కడ అన్నీ బాగానే పనిచేస్తాయి.

రేపటి_పాఠం
ఇంకో కోణం. ఉచిత టూల్ రేపు ఉంటుందన్న హామీ లేదు. ఎడ్మోడో 2022 సెప్టెంబరులో మూతపడింది. గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్లిప్ కూడా విడి సైటుగా 2024లోనే పోయింది. క్విజిజ్ 2025లో వేగ్రౌండ్ అని పేరు మార్చుకుంది, పాత పేరుతో వెతికేవాళ్లకు తికమక. అందుకని ఏ టూల్ తీసుకున్నా "నా ప్రశ్నలు బయటికి తీసుకెళ్లగలనా?" అన్నది మొదటి రోజే చూసుకోవాలి. ప్రశ్నలన్నీ మీ దగ్గర ఒక షీట్‌లో రాసుకోండి: ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, సరైనది, ఒక్కో తప్పు ఆప్షన్ దేన్ని పట్టుకుంటుందో. ఆ చివరి గడి ఏ టూల్‌లోనూ ఉండదు, విలువైనది అదే. టూల్ మారినా షీట్ మీదే.

సొంత చేతిలో ఉండాలనుకుంటే హెచ్‌5పీ చూడండి, తెర మీద చేసే అభ్యాసాలు తయారుచేసే ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల) సాధనం. లూమీ అనే ఉచిత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో అభ్యాసాలు చేసి హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దాచుకోవచ్చు, నెట్ లేకుండా నడుస్తాయి.

పిల్లల వివరాలూ అంతే ముఖ్యం. లాగిన్ అడగని టూల్ ఉంటే అదే వాడండి. ప్లికర్స్‌లో పేర్ల బదులు రోల్ నంబర్లు చాలు. మార్కులున్న షీట్‌ను "లింకు ఉన్న ఎవరైనా" అన్న సెట్టింగ్‌తో గ్రూపులో పెట్టకండి. ఒక పిల్లవాడికి వచ్చిన 10కి 2ను 42 ఇళ్లు చూడాల్సిన పనిలేదు.

సుద్దముక్క
అందరికీ కృతజ్ఞతలు. ఒక పీరియడ్‌కు ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే దిద్దండి. మొదటి 5 నిమిషాలు ప్లికర్స్‌తో నిన్నటి పాఠం మీద 5 ప్రశ్నలు. తర్వాత 20 నిమిషాలు సర్క్యూట్ కిట్, ముందు రాయించి తర్వాత చూపించడం. చివరి 10 నిమిషాలు ప్లికర్స్‌తో 5 ప్రశ్నలు. ఇంటికి జవాబును బట్టి శాఖలుగా విడిపోయే ఫామ్. ఫోన్ లేని పిల్లలకు అదే ఫామ్ కాగితం మీద.

నల్లబల్ల_పక్కన
మొదటి 5 నిమిషాల్లో 5 ప్రశ్నలు పట్టవు. ప్రశ్న చదవడం, కార్డు తిప్పడం, స్కాన్, జవాబు మీద మాట కలిపితే ఒక్కోదానికి 2 నిమిషాలు తేలిగ్గా పోతాయి. 2 ప్రశ్నలు పెట్టండి. చివర్లో 3. సగం మంది తప్పు చేసిన ప్రశ్న వస్తే సరైన జవాబు అప్పుడే చూపించకండి. పక్కవాళ్లతో 2 నిమిషాలు వాదించుకోమని, అదే ప్రశ్నకు మళ్ళీ కార్డులు ఎత్తించండి.

కొలమానం
కాగితం మీద ఇచ్చే ఫామ్‌లో శాఖలను ఇలా చేయండి: "2/5 అని రాస్తే వెనక పేజీలో 1వ పెట్టె చదువు, 1/6 అయితే 3వ పెట్టె." వాళ్లు జవాబులు తెచ్చాక ఆ రోల్ నంబర్లతో మీరే ఫామ్‌లో నింపేయండి, ఎన్నో పెట్టె చదివారో కూడా అడిగి. లేకపోతే చార్టులో ఫోన్ ఉన్న సగం మందే కనిపిస్తారు, రేపటి పాఠం వాళ్ల తప్పుల మీదే నడుస్తుంది.

సుద్దముక్క
సరేనండీ. 2, 3 ప్రశ్నలే పెడతాను. 63 కార్డుల సెట్ ప్రింట్‌కు ఇచ్చాను, మందపాటి కాగితం మీద, లామినేషన్ లేకుండా.